రేపటి వరదకు ఇవాళే గీత

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగువాళ్లు ఆరా తీసే విషయాలు దాదాపు ఒకటే. స్కూలు రేటింగు ఎంత, ఆఫీసు ఎంత దూరం, ఇంటి ముఖం తూర్పా ఉత్తరమా, హెచ్‌ఓఏ ఫీజు ఎంత. వరద గురించి అడిగేవాళ్లు తక్కువ. ఆ సంగతి లోను కాగితాల దొంతరలో దానంతట అదే వస్తుంది: ఈ స్థలం ఫలానా ఫ్లడ్ జోన్‌లో ఉంది అని ఒక పత్రం. ఏఈ అని ఉంటే వరద బీమా తప్పదు, ఎక్స్ అని ఉంటే తప్పనిసరి కాదు. ఎక్స్ కనపడగానే హమ్మయ్య అనుకుని సంతకం చేసేస్తారు. ఆ పత్రం అబద్ధం చెప్పదు. కొలిచిన నాటి సంగతి చెబుతుంది, అంతే. ఏటా కొత్త కాలనీలు లేచే కౌంటీలో ఆ సంగతి ఎంతకాలం నిజంగా ఉంటుందన్నదే ఇవాళ్టి చర్చ. ఇవాళ్టి నీళ్లను మాత్రమే చూపించే వరద పటం, పెరిగే కౌంటీలో, అచ్చయిన రోజు నుంచే పాతబడుతుందనీ, రాబోయే ఇళ్ల కప్పుల మీద నుంచి, రోడ్ల మీద నుంచి దిగే నీటిని కూడా ముందే లెక్కగట్టి ఆ లెక్కను నిర్మాణ అనుమతులకు ముడిపెట్టాలనీ నా వాదన. ఇది గాల్లో మేడలు కట్టడం కాదు. ఉత్తర కరోలినాలో షార్లెట్ నగరం ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ పాతికేళ్ల కిందటే ఈ పని చేసి చూపించింది.

ముందు పటం ఎలా పుడుతుందో చూద్దాం. 1968లో అమెరికా కాంగ్రెసు జాతీయ వరద బీమా పథకాన్ని తెచ్చింది. ప్రైవేటు కంపెనీలు వరదకు బీమా ఇవ్వడానికి జంకుతున్నాయి కాబట్టి ప్రభుత్వమే ఇస్తుంది, బదులుగా స్థానిక ప్రభుత్వాలు ముంపు నేలలో కట్టడాలను అదుపు చెయ్యాలి అన్నది ఆ ఒప్పందం. ఎక్కడ ముంపు, ఎక్కడ కాదు అని తేల్చడానికి పటం కావాలి. ఇంజనీరు ముందు వర్షం లెక్క తీసుకుంటాడు. ఏ సంవత్సరంలోనైనా వచ్చే అవకాశం నూటికి ఒక వంతు ఉన్న వాన ఎన్ని అంగుళాలు? అందులో ఎంత నేలలోకి ఇంకుతుంది, ఎంత వాగులోకి దిగుతుంది? దిగిన నీరు వాగులో ఎంత ఎత్తుకు లేస్తుంది? ఆ ఎత్తును నేల ఎత్తుల మీద పరిస్తే గీత వస్తుంది. ఆ గీత దాకా వచ్చే నీటినే జనం నూరేళ్ల వరద అంటారు. ఈ పేరు విని నూరేళ్లకోసారి వచ్చేదేగా, మన హయాంలో రాదులే అనుకుంటారు. ముప్ఫై ఏళ్ల హోమ్ లోను తీరేలోపు అది కనీసం ఒకసారి వచ్చే అవకాశం నూటికి 26. ఇక ఆ లెక్కలో ఎంత ఇంకుతుంది అన్న అంకె ఉంది చూశారూ, అసలు తిరకాసు అక్కడే. వర్షం మన చేతిలో లేదు. వాగు ఆకారం చాలావరకు ప్రకృతి ఇచ్చింది. ఇంకుడు మాత్రం మనం మార్చేస్తాం. అడవి ఉన్నచోట వెయ్యి ఇళ్లు, ఒక వాల్‌మార్ట్, దాని ముందు ఎకరాల కొద్దీ తారు పార్కింగు వస్తే, అదే వాన మునుపటికంటే ఎక్కువ నీటిని, మునుపటికంటే వేగంగా వాగులోకి తోస్తుంది. పటంలో గీత అక్కడే ఉంటుంది. నీరు అక్కడ ఆగదు.

మెక్లెన్‌బర్గ్‌లో ఇది తేటతెల్లంగా కనపడటానికి భౌగోళిక కారణం ఒకటి ఉంది. ఆ కౌంటీ కటాబా, యాడ్కిన్ నదుల పరీవాహకాల మధ్య గట్టు మీద కూర్చుంది. లిటిల్ షుగర్, బ్రయర్, మెకాల్పైన్, మాలార్డ్ లాంటి వాగులు చాలావరకు ఆ కౌంటీ లోపలే పుడతాయి. పై నుంచి ఎవరో వదిలిన నీళ్లని చెప్పుకోవడానికి పై ఊరంటూ లేదు. ఊరి వాగులో పొంగేది ఊరి కప్పుల మీద పడ్డ వానే. పడమటి అంచున కటాబా మీది సరస్సుల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను కొండల్లో కురిసినప్పుడు మౌంటెన్ ఐలాండ్ లేక్ ఒడ్డున ఇళ్లు మునిగాయి, ఆ నీరు నిజంగానే పై నుంచి వచ్చింది. మిగతా కౌంటీ అంతటా కారణం, ఫలితం రెండూ ఒకే సరిహద్దులో ఉన్నాయి. 1990లో 5 లక్షల 11 వేల జనాభా ఉన్న చోట 2000 నాటికి 6 లక్షల 95 వేలు, 2020 నాటికి 11 లక్షల 15 వేలు. బ్యాంకుల ఐటీ ఉద్యోగాలు మనవాళ్లను కూడా వేల సంఖ్యలో అక్కడికి చేర్చాయి. 1995లో జెర్రీ, 1997లో డానీ తుపాన్ల అవశేషాలు వచ్చి వాగులను పొంగించాయి. అప్పుడు చేతిలో ఉన్న పటాలు 1970ల నాటి భూమి వాడకం మీద గీసినవి. రెండు దశాబ్దాల నిర్మాణం వాటిలో లేనేలేదు.

అక్కడి షార్లెట్ మెక్లెన్‌బర్గ్ స్టార్మ్ వాటర్ సర్వీసెస్ అధికారులకు సులువైన దారి ఒకటుంది. పటాలను అప్పటి పరిస్థితికి సరిచేసి పంపించేస్తే సరిపోయేది. వాళ్లు ఇంకో అడుగు వేశారు. కౌంటీ దగ్గర భవిష్యత్ భూవినియోగ ప్రణాళిక ఉంది, జోనింగ్ ఉంది. ఏ నేలలో ఇళ్లు, ఏ నేలలో దుకాణాలు, ఎకరాకు ఎన్ని అన్నది కాగితం మీద ఉంది. ఆ ప్రణాళిక అంతా నిజమై, ఖాళీ స్థలాలన్నీ నిండిపోతే అదే వానకు వాగు ఎంత లేస్తుందో లెక్కగట్టి, ఆ రెండో గీతను కూడా పటంలోకి ఎక్కించారు. దీన్ని అక్కడ కమ్యూనిటీ ఫ్లడ్‌ప్లెయిన్ అంటారు. అధికారిక వరద పటంలో ఇవాళ్టి వరదను, రేపటి వరదను పక్కపక్కన చూపించిన తొలి కౌంటీగా దేశంలో దానికి పేరుంది. 2001 నవంబరులో ఫెడరల్ అత్యవసర సంస్థ ఫీమా ఇలాంటి భవిష్యత్ వరదను తన పటాల్లో చూపడానికి నిబంధనల్లో చోటు కల్పించింది. శుభలేఖలు ఐదొందల మందికి పంచి, ముందురోజే దిగిన వందమందికి మాత్రమే వండించేవాళ్లు ఉండరు కదా. కౌంటీ పంచిన నిర్మాణ అనుమతులు కూడా శుభలేఖలే.

ఈ పటాన్ని దగ్గరగా చూస్తే ఒక తమాషా కనపడుతుంది. వాగును ఆనుకుని ఏఈ జోన్, ఫెడరల్ లెక్క ప్రకారం వరద బీమా తప్పనిసరి అయిన నేల. దాని అంచు దాటాక, రేపటి వరద చేరే సన్నని పట్టీ. ఆ పట్టీని ఫీమా ఎక్స్ జోన్ కిందే రాస్తుంది, పక్కన భవిష్యత్ వరద అని గుర్తు పెట్టి. అంటే బ్యాంకు దృష్టిలో అక్కడ బీమా అక్కర్లేదు. కౌంటీ దృష్టిలో మాత్రం అక్కడ ఇల్లు కట్టాలంటే కింది అంతస్తు రేపటి వరద మట్టానికి పైన, ఇంకొంత అదనపు ఎత్తుతో ఉండాలి. ఒకే కాగితం, ఒకే స్థలం, రెండు జవాబులు. నా దృష్టిలో కౌంటీ జవాబే సరైనది. ఎందుకంటే బీమా ఏడాదికోసారి మారే ఒప్పందం, పునాది ఒక్కసారి పోసేది. ఇంకో చోట కూడా కౌంటీ బిగించింది. వాగు మధ్యభాగానికి, అంటే ఫ్లడ్‌వేకు, అవతల ముంపు నేలలో మట్టి పోసి నేల ఎత్తు చేసుకునేవాళ్ల వల్ల వరద మట్టం ఎంత పెరగనివ్వొచ్చు? ఫెడరల్ కనీస నిబంధన ఒక అడుగు దాకా ఒప్పుకుంటుంది. ఒక్కొక్కరు కాస్త కాస్త మట్టి పోస్తే ఎదుటి గట్టు మీద ఇల్లు ఒక అడుగు లోతున మునగడం చట్టసమ్మతమే అన్నమాట. మెక్లెన్‌బర్గ్ తన స్థానిక హద్దును అడుగులో పదో వంతు పెరుగుదల మీద గీసుకుంది. అంగుళానికి కాస్త ఎక్కువ. ఎదుటి గట్టువాడి హాల్లోకి చేరే నీటిని ఇంత శ్రద్ధగా కొలిచిన నిబంధనలు అరుదు.

గీత కొత్త ఇళ్లను ఆపుతుంది సరే, గీత లోపల ఎప్పుడో కట్టేసిన ఇళ్ల మాటేమిటి? 1999 నుంచి కౌంటీ అలాంటి ఇళ్లను యజమానులు ఒప్పుకుంటే కొనేసి, పడగొట్టి, ఆ నేలను వాగుకే వదిలేస్తోంది. ఇప్పటికి 400కు పైగా కట్టడాలు అలా పోయాయి. బ్రయర్ క్రీక్ పక్కన అపార్ట్‌మెంట్లు లేచిపోయిన చోట ఇవాళ చాంటిలీ ఎకలాజికల్ శాంక్చువరీ ఉంది. లిటిల్ షుగర్ క్రీక్ వెంబడి నడకదారి వచ్చింది. మొదట్లో ఎక్కువగా ఫెడరల్ డబ్బు వాడినా, తర్వాత స్థానిక స్టార్మ్ వాటర్ ఫీజు నుంచి కూడా కొంటున్నారు. ఆ ఫీజు లెక్క గమనించదగ్గది. స్థలంలో కప్పు, డ్రైవ్‌వే, తారు కలిపి నీరు ఇంకని వైశాల్యం ఎంతో చూసి నెలనెలా వేస్తారు. వాగులోకి నీరు తోసేవాడే ఆ నీటికి దారి కొనడానికి డబ్బు కడతాడు. పటం గోడ మీద వేలాడితే చాలదు, దాని వెనక ఇలాంటి నిధి ఉండాలి. నిధి లేని పటం జనాన్ని భయపెట్టి ఊరుకుంటుంది.

ఇప్పుడు ఇందుకు పూర్తిగా ఎదురు కథ. టెక్సాస్‌లో హ్యూస్టన్‌కు పడమర, కేటీ, సింకో రాంచ్ ప్రాంతాల్లో తెలుగు ఇళ్లు వీధులకు వీధులే ఉన్నాయి. అక్కడ ఫోర్ట్ బెండ్ కౌంటీ జనాభా 2000లో 3 లక్షల 54 వేలు, 2020లో 8 లక్షల 22 వేలు. హ్యూస్టన్ నగరాన్ని కాపాడటానికి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ 1940లలో బార్కర్, అడిక్స్ అనే రెండు రిజర్వాయర్లు కట్టింది. మామూలు రోజుల్లో అవి పొడి నేలలే, పార్కులు కూడా ఉన్నాయి. నిండా నీరు నిలిస్తే ఎంత నేల మునుగుతుందో అంత నేలనూ ప్రభుత్వం కొనలేదు. కొనకుండా వదిలిన అంచు మీద తర్వాత కాలనీలు లేచాయి. ఫోర్ట్ బెండ్ అధికారులకు సంగతి తెలుసు. అందుకే 1990ల నుంచి కొన్ని సబ్‌డివిజన్ ప్లాట్ల మీద ఒక నోటు రాయించారు: ఈ లేఅవుట్ బార్కర్ రిజర్వాయరు పక్కన ఉంది, కోర్ నియంత్రణలో చాలాకాలం పాటు ముంపులో ఉండే అవకాశం ఉంది అని. ప్లాటు అంటే కౌంటీ రికార్డుల్లో దాచిన పెద్ద నక్షా. సర్వే గీతలు, ఈజ్‌మెంట్లు, సంతకాల నడుమ చిన్న అక్షరాల్లో ఆ ఒక్క వాక్యం. ఇల్లు కొనేవాడు ఆ షీటు చూడడు. 2017 ఆగస్టులో హార్వే తుపాను వచ్చింది. రిజర్వాయర్లు వెనక్కి నిండి వేల ఇళ్లలో నీరు నిలిచింది. 2019 డిసెంబరులో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు, జనం నేలను నీటి నిల్వకు వాడుకున్నందుకు ప్రభుత్వం బాధ్యత వహించాల్సిందేనని తీర్పిచ్చింది. ప్రమాదం ఎవరికీ తెలియక జరిగింది కాదిది. తెలిసినది కాగితం మీదే ఆగిపోయింది, అనుమతి ఇచ్చే బల్ల దాకా రాలేదు. టెక్సాస్‌లో కౌంటీలకు సాధారణంగా జోనింగ్ అధికారం లేదన్నది నిజమే. కానీ నోటు రాయించగలిగిన చెయ్యి, గడప ఎత్తు ఎంత ఉండాలో కూడా రాయించగలిగేది. పక్కనే హ్యారిస్ కౌంటీ హార్వే తర్వాత 2018 జనవరి నుంచి ముంపు ప్రాంతంలో కొత్త ఇళ్ల గడపను అయిదొందల ఏళ్ల వరద మట్టం కంటే రెండడుగులు పైకి లేపించింది. అధికారం అంతకుముందూ ఉంది.

ఈ వాదనకు అడ్డు చెప్పేవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. మొదటి అభ్యంతరం ఆస్తి హక్కు. నా నేలలో ఇవాళ నీరు రాదు, ఇరవై ఏళ్ల తర్వాత పక్కవాడు కట్టబోయే మాల్ వల్ల వస్తుందని ఇవాళ నా ఇల్లు ఎత్తులో కట్టమంటే ఎలా? న్యాయమైన ప్రశ్నే. అమెరికా సుప్రీంకోర్టు 1992లో దక్షిణ కరోలినా సముద్రతీరం తాలూకు లూకాస్ కేసులో, నేలకు ఉన్న ఆర్థిక ఉపయోగం అంతా నిబంధన తీసేస్తే సాధారణంగా పరిహారం ఇవ్వాల్సిందే అంది. కాబట్టి గీత గీసి కట్టనే వద్దనడం కౌంటీకి ప్రమాదం. మెక్లెన్‌బర్గ్ పట్టీలో నిషేధం లేదు, ఎత్తు షరతు ఉంది. ఉపయోగం మిగిలే ఉంది. ఇక పక్కవాడి మాల్ సంగతంటారా, ఆ మాల్‌కు అనుమతి ఇచ్చేది కౌంటీనే. అనుమతి ఇవ్వబోతున్నానని తెలిసి, దాని నీరు నీ గడప దాకా వస్తుందని తెలిసి, చెప్పకుండా నిన్ను ఇల్లు కట్టుకోనిస్తే నీ ఆస్తి హక్కుకు జరిగిన ద్రోహం అంతకంటే పెద్దది.

రెండోది ధర. ఇళ్లు ఇప్పటికే అందుబాటులో లేవు, ఇంకో ఖర్చు కలుపుతారా అంటారు. ఖర్చు పెరిగే మాట నిజం. పునాది పోసేటప్పుడు గడప రెండడుగులు లేపడానికి అయ్యేది ఒక ఎత్తు, అదే ఇంటిని మునిగాక కొనేసి పడగొట్టడానికి అయ్యేది ఇంకో ఎత్తు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిల్డింగ్ సైన్సెస్ 2019 నివేదికలో, నదీ వరదల నష్టం తగ్గించడానికి పెట్టిన ఫెడరల్ గ్రాంటు డాలరుకు ఏడు డాలర్లు ఆదా అని తేలింది. అంతకంటే గట్టి మాట ఒకటుంది. చౌకగా అమ్మిన ముంపు ఇల్లు చౌక కాదు. ఖర్చు బిల్డరు పుస్తకంలోంచి కొన్నవాడి పుస్తకంలోకి మారింది, అంతే.

మూడోది, భవిష్యత్తు ఎవరికి తెలుసు అన్నది. ప్రణాళికలు మారతాయి, కట్టాల్సినవి కట్టరు, కట్టకూడనివి కడతారు. ఒప్పుకుందాం. కానీ అదే కౌంటీ అదే ప్రణాళిక చూసే మురుగు పైపు ఎన్ని అంగుళాలు వెయ్యాలో, హైస్కూలు ఎక్కడ కట్టాలో, రోడ్డుకు ఎన్ని లేన్లు ఉంచాలో నిర్ణయిస్తుంది. పైపుకు నమ్మదగిన అంచనా వాగుకు నమ్మరానిది ఎలా అవుతుంది? పైగా ఇవాళ్టి పటం కూడా భవిష్యత్ అంచనానే. రేపు ఒక్క ఇల్లూ లేవదు అన్నదే దాని అంచనా. పెరిగే కౌంటీలో తప్పని ఖాయంగా తేలే అంచనా అదొక్కటే.

ఇంజనీర్లు వేసే ప్రశ్న ఇంకోటి. కొత్త కాలనీ ప్రతిదీ తన నీటిని తానే ఆపుకునేలా గుంటలు తవ్వించుకుంటోంది కదా, గీత జరపడం ఎందుకు? ఆ గుంటలే మనవాళ్లు అదనపు డబ్బు పోసి కొనే పాండ్ వ్యూ ప్లాట్ల ముందు ఫౌంటెన్లతో మెరిసేవి. అవి కావాలి, ఉండాలి. అయితే అవి మామూలు, మధ్యరకం వానలకు బాగా పనిచేస్తాయి. నేల అప్పటికే తడిసి, గుంట అప్పటికే నిండి ఉన్నప్పుడు వచ్చే పెద్ద వానకు చేతులెత్తేస్తాయి. పైగా ఒక్కో గుంట తన కాలనీ లెక్కే చూస్తుంది. యాభై గుంటల నీరు ఒకే గంటలో కింది వాగుకు చేరితే ఏమవుతుందో చూసేది వాగు మొత్తానికి గీసిన పటమే.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం నాకు వేరే వైపు నుంచి కనపడుతుంది. ఏ గీత అయినా గీత అవతలివాళ్లకు తప్పుడు ధైర్యం ఇస్తుంది. హార్వేలో హ్యారిస్ కౌంటీలో మునిగిన దాదాపు లక్షా 54 వేల ఇళ్లలో మూడింట రెండు వంతులు నూరేళ్ల వరద గీత బయటివే. మరి గీతలెందుకు అనొచ్చు. నా జవాబు ఏమిటంటే, ఆ అంకె గీత పనికిరాదని చెప్పడం లేదు, గీత వెనక ఉన్న వాన లెక్క పాతబడిందని చెబుతోంది. 2018 సెప్టెంబరులో జాతీయ వాతావరణ సంస్థ నోవా టెక్సాస్‌కు అట్లాస్ 14 విడుదల చేసింది. హ్యూస్టన్‌లో ఒక్క రోజులో కురిసే నూరేళ్ల వాన 13 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగింది. పాత నూరేళ్ల వాన ఇప్పుడు పాతికేళ్ల వాన. ఇక్కడ మెక్లెన్‌బర్గ్‌ను కూడా మొహమాటం లేకుండా అడగాలి. అది రేపటి కప్పులను లెక్కించింది, రేపటి వానను లెక్కించలేదు. ఉత్తర కరోలినాకు వర్తించే వాన లెక్కల సంపుటం 2004లో వచ్చింది, వేడెక్కే గాలి మోసే అదనపు తేమ అందులో లేదు. వాతావరణ మార్పును కూడా కలుపుకుని నోవా అట్లాస్ 15 తయారుచేస్తోంది. అది చేతికి వచ్చాక రెండు రేపులనూ కలిపి గీత మళ్లీ గీయకపోతే, పాతికేళ్ల కిందటి ముందుచూపు కూడా పాత పటమే అవుతుంది.

ఈ తప్పు అమెరికాది మాత్రమే కాదని మీకు తెలుసు. మన దగ్గర చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత ఉంది, దాని చుట్టూ బఫర్ జోన్ ఉంది. హైదరాబాద్‌లో 2024 నుంచి చెరువు ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్డోజర్లు ఆ గీత చుట్టూనే తిరుగుతున్నాయి. ఎఫ్‌టీఎల్ చెప్పేది చెరువు నిండితే నీరు ఎక్కడి దాకా అన్నది. చెరువు పైనున్న పొలాలన్నీ కాంక్రీటు అయ్యాక ఎంత నీరు ఎంత వేగంగా వస్తుంది, అలుగు దాన్ని మోయగలదా అన్నది అది చెప్పదు. 2020 అక్టోబరు వానకు హైదరాబాద్ పల్లె చెరువు కట్ట తెగినప్పుడు, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఆక్రమణ ఎవరిది అన్నదొక్కటే కాదు. అక్రమం కాని, అన్ని సంతకాలూ ఉన్న కాలనీల నీరు ఎక్కడికి పోవాలని లెక్కవేశారు అన్నది కూడా.

చివరగా మెక్లెన్‌బర్గ్ పటంలో ఇంకా తెగని ముడి ఒకటి. మెకాల్పైన్, లిటిల్ షుగర్ వాగుల నీరు దక్షిణ కరోలినాలోకి దిగి, షుగర్ క్రీక్ ద్వారా కటాబా చేరుతుంది. దిగేచోట లాంకాస్టర్ కౌంటీ ఇండియన్ ల్యాండ్ ప్రాంతం, షార్లెట్ పన్నులు భారమైన కుటుంబాలు, అందులో తెలుగు కుటుంబాలూ, చకచకా చేరుతున్న చోటు. పైనున్న కౌంటీ తన రేపటి నీటిని తన సరిహద్దు దాకా లెక్కవేసుకుంది. సరిహద్దు దాటాక ఆ లెక్క వేరే రాష్ట్రం, వేరే పటం, వేరే ఆఫీసు. అక్కడ రీజోనింగ్ దరఖాస్తు వచ్చినప్పుడల్లా బహిరంగ విచారణ ఉంటుంది, పేరు రాయించుకుంటే ఎవరైనా మైకు ముందుకు వెళ్లి మాట్లాడొచ్చు. స్కూళ్ల రద్దీ గురించి, ట్రాఫిక్ గురించి మనవాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. వాటితోపాటు ఇది కూడా అడగండి: ఈ కాలనీకి గడప ఎత్తు నిర్ణయించిన పటం ఏ ఏడాది భూమి వాడకం మీద గీసింది, పై కౌంటీ వదలబోయే నీరు అందులో ఉందా? అడిగిన ప్రశ్న, ఇంజనీరు చెప్పిన జవాబు రెండూ మినిట్స్‌లోకి ఎక్కుతాయి.